కొంగొక్కటే చూస్తే ఎట్లా?

మా నారాయణఖేడ్ చర్చిలో చెరుకు నరకబోయి వచ్చిన అక్క ఉతికిన నూలుచీరలో, నెత్తిన కొంగుతో వెనక చాప మీద కూర్చుంటది. ముందు వరుసల పట్టుచీరలు, నగలు. అణకువ గురించి ప్రసంగమొస్తే మాత్రం మాట పడేది జీన్స్ వేసుకున్న కాలేజీ పిల్లకే.

తిమోతికి రాసిన మొదటి పత్రికలో పౌలు పేరు పెట్టి వద్దన్నది జడల సింగారం, బంగారం, ముత్యాలు, ఖరీదైన బట్టలు. యాకోబు పత్రికైతే ఉంగరమున్నోడికి మంచి చోటిచ్చి, మాసిన బట్టలోణ్ని నిలబెట్టడాన్నే తప్పు పట్టింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన మన మెదక్ చర్చి కరువు కూలీల చెమటతో లేచింది. వాళ్లేం కట్టుకొని మోకరించి ఉంటరు?

ఒద్దికైన బట్ట ఉండాలి, నేనూ అదే కోరుకుంటా. కానీ ఆ పిల్లను గుమ్మంలోనే ఆపకండి పెద్దమ్మా, పక్కన కూర్చోబెట్టుకోండి.