సెకండ్ హ్యాండ్ పాతకాలం

బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూడమన్నాడు నాన్న. "వెచ్చగా ఉంటే నువ్వొచ్చే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజను ఎంత మొరాయిస్తుందో నీకు తెలీకూడదని."

డాలస్ శివార్లలో ఎవరింటి ముందో నిలబడి, ఒక చేత్తో వాట్సాప్ వీడియో పట్టుకుని, రెండో చెయ్యి బానెట్ మీద పెట్టా. చల్లగానే ఉంది. కారు అమ్ముతున్న పెద్దావిడ గుమ్మంలోంచి వింతగా చూస్తోంది. ఫోన్లో ఉన్నది మా నాన్న అనీ, డ్రైవరనీ చెప్పా. "రేసులా?" అంది ఆవిడ. కాదన్నా.

కారు 2007 పీటీ క్రూజర్. ముదురు ఎరుపు. లక్షా పన్నెండు వేల మైళ్లు తిరిగింది. అడుగుతున్నది 2,200 డాలర్లు. మా రూమ్మేట్లంతా ముందే తేల్చేశారు: కరోలా కొను, లేదంటే సివిక్, ఎప్పుడమ్మినా డబ్బులొస్తాయి. అమెరికాలో తెలుగు స్టూడెంటుకి ఇది దాదాపు వేదవాక్కు. పైగా ఈ కారంటే ఇక్కడ జోకు. 2000లో మార్కెట్లోకి వచ్చినప్పుడు జనం వెయిటింగ్ లిస్టుల్లో పేర్లు రాయించుకుని, రేటుకంటే ఎక్కువిచ్చి మరీ కొన్నారట. 2010లో మెక్సికోలోని టొలూకా ఫ్యాక్టరీలో ఆఖరిది తయారయ్యేసరికి దాన్ని మెచ్చుకునేవాళ్లే కరువయ్యారు.

నాకు మాత్రం నచ్చింది. ఉబ్బిన మడ్‌గార్డులు, ఎత్తైన పైకప్పు, ముందు నిలువెత్తు గ్రిల్లు. బ్రయాన్ నెస్బిట్ అనే డిజైనరు 1930ల నాటి అమెరికన్ కార్లని మనసులో పెట్టుకుని గీసిన బొమ్మ అది. ఆ అమెరికాతో నాకేం సంబంధం? ఏమీ లేదు. నాకు కనిపించింది అంబాసిడర్.

మా నాన్న విజయవాడలో ఒక బట్టల వ్యాపారి దగ్గర అంబాసిడర్ నడిపేవాడు. తెల్లది. స్టీరింగ్ కిందే గేరు, ముందు బల్లలాంటి పొడుగాటి సీటు. ఆదివారం పూట కారు కడగడానికి వెళ్తూ నన్ను కూడా తీసుకెళ్లేవాడు. ఆ ముందు సీట్లో ఎంతసేపైనా కూర్చోవచ్చు. వెనక మాత్రం కూర్చోకూడదు. వెనక సీటుకి తెల్ల టవళ్లు పరిచి ఉండేవి, వాటిని ముట్టుకోకూడదు. నేనొకసారి ముట్టుకున్నా. నాన్న తిట్టలేదు, ఆ టవలు ఇంటికి తెచ్చి అమ్మ చేత ఉతికించాడు.

నేను ఐదో క్లాసులో ఉండగా ఓనరు కొత్త కారు కొని, సొంతంగా నడపడం మొదలుపెట్టాడు. అంబాసిడర్ వెళ్లిపోయింది. ఆ రోజు నాన్న అన్నం తినలేదు. కారు పోయిందని బెంగ పెట్టుకున్నాడని నేను చాలా ఏళ్లు అనుకున్నా. దాని మీద కాలేజీ మ్యాగజైన్లో ఒక కవిత కూడా రాశా (దయచేసి వెతక్కండి). ఆయన బెంగ జీతం గురించి. తర్వాత అద్దె ఆటో తోలాడు.

ఇప్పుడా పెద్దావిడ ఇంటి ముందు నిలబడి, "నాన్నా, అచ్చం మన అంబాసిడర్‌లా లేదూ?" అనడిగా.

"ఏ మూల?" అన్నాడు. "మనదేంటి, సేట్ గారిది. మే నెల్లో బెంజి సర్కిల్ దగ్గర రేడియేటర్ మరిగితే, క్యాను పట్టుకుని నీళ్ల కోసం తిరిగేవాణ్ణి నేను. వెనక వాళ్లు విసనకర్రతో విసురుకుంటూ కూర్చునేవాళ్లు. అది గుర్తొచ్చేలా ఉంటే వద్దులే అమ్మలూ."

అంబాసిడర్ రెట్రో కాదు, అది మారలేదంతే. 1950ల మారిస్ ఆక్స్‌ఫర్డ్ ఒంటితో 2014 దాకా తయారవుతూనే ఉంది. రెట్రో కారు అలా కాదు. పాత ఆకారం తీసుకుని, మరిగే రేడియేటర్ని వదిలేసి, ఏసీ పెట్టి అమ్ముతారు. 1991లో నిస్సాన్ ఫిగారో అనే బుల్లి కారు తెచ్చింది. ఒట్టి మైక్రా మీద యాభైల నాటి వేషం. తయారైనవి 20 వేలే, కొనాలంటే జపాన్‌లో లాటరీ తీశారు. ఆ వేషంలో నాన్నలాంటి వాడి చెమట ఉండదు. నేను ఇష్టపడింది అలాంటి వేషాన్నేనని, ఆయన ఆ మాట అన్నాకే తెలిసింది. కొంచెం సిగ్గేసింది. అయినా కొనాలనే ఉంది.

"సరే, ఆయిల్ మూత తీసి లోపల చూడు. మజ్జిగలా ఉంటే వచ్చెయ్."

మజ్జిగలా లేదు. నాలుగు టైర్లూ సమంగానే అరిగాయి. "టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో అడుగు." ఆవిడకి తెలీదు, అవన్నీ వాళ్లాయన చూసుకునేవాడట, పోయి రెండేళ్లయింది. నాన్నకి అది చెప్తే ఒక్క క్షణం ఆగి, "పాపం, బెల్టు ఖర్చు మటుకు తగ్గించమను," అన్నాడు. 1,900కి ఇచ్చింది. టెక్సస్ వాళ్లు ఆరుంపావు శాతం పన్ను వేసుకున్నారు. బెల్టూ, దాంతోపాటే వాటర్ పంపూ మార్పిస్తే ఏడొందలు. మొత్తం లెక్కేస్తే కరోలా వైపు వాదించిన వాళ్లు పూర్తిగా తప్పేం కాదు.

ఆ శనివారం ఇండియన్ స్టోర్ నుంచి వస్తూ నాన్నకి కాల్ చేసి చూపించా. అద్దం దించడానికి డోర్ మీద స్విచ్ కోసం తడుముకుంటుంటే నవ్వాడు. ఈ కార్లో ముందు అద్దాల స్విచ్‌లు డాష్‌బోర్డు మధ్యలో ఉంటాయి.

"మధ్యలోనా? బానే ఉంది, పక్కనున్నోళ్లకీ అందుతాయి. ఏదీ, వెనక సీటు చూపించు."

ఫోను వెనక్కి తిప్పా. బియ్యం బస్తా, పచ్చడి సీసాలు, నా బ్యాక్‌ప్యాకు.

"ఆ సీసాల కింద టవలేదైనా వెయ్యమ్మా. నూనె కారితే మరక పోదు."