నీళ్లు లేని ఏడుపు (4వ భాగం)

అమ్మ పోయిన రోజు నేను ఏడవలేదని మా మాలపల్లెలో ఇంకా చెప్పుకుంటారు. "పెద్ద చదువు చదివింది గదా, కళ్లల్లో నీళ్లు గూడా ఆరిపోయినయ్" అంది పెద్దమ్మ. దెప్పడానికే అంది గానీ నిజమే అంది. గొంతు పోయేలా ఏడ్చాను. కంట్లోంచి చుక్క రాలేదు. ఇసుక పోసినట్టు మంట, అంతే.

అప్పటికే రెండేళ్లుగా క్లాసులో పది నిమిషాలు పాఠం చెబితే నాలుక అంగిటికి అతుక్కుపోయేది. బాటిల్ చేతిలో లేకుండా పద్యం చదవలేను. స్టాఫ్‌రూంలో ఒక సీనియర్ "మీవాళ్లకి నీళ్ల పోరాటం అలవాటేగా" అని నవ్వాడు. 1927లో మహద్ చెరువు దగ్గర ఏం జరిగిందో ఆయనకు గుర్తున్నందుకు సంతోషించాలి కాబోలు. ఒక డాక్టరు టెన్షన్ అన్నాడు, ఇంకొకాయన సెల్ చూడటం తగ్గించమన్నాడు. చివరికి కీళ్లనొప్పులకని వెళ్తే, అక్కడి డాక్టరమ్మ "నీళ్లు తాగకుండా బిస్కెట్ మింగగలవా?" అని అడిగింది. అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

కింది రెప్పలో సన్నటి కాగితం పెట్టి 5 నిమిషాలు ఉంచారు. 5 మిల్లీమీటర్లు దాటి తడవకపోతే కన్నీరు బాగా తక్కువన్నట్టు. నాది 2 తడిసింది. రక్తపరీక్ష, పెదవి లోపలి ముక్క తీసి పరీక్ష అయ్యాక పేరు చెప్పారు: షోగ్రెన్స్ సిండ్రోమ్. మనల్ని కాపాడాల్సిన తెల్లకణాలే కన్నీటి గ్రంథుల్లో, లాలాజల గ్రంథుల్లో చేరి వాటిని పాడుచేస్తాయి. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లే. అంటువ్యాధి కాదు. పూర్తిగా నయమూ కాదు. కంటి చుక్కలు, నీళ్లు, పళ్ల జాగ్రత్త.

హెన్రిక్ షోగ్రెన్ స్వీడన్ కంటి డాక్టరు. 1933లో కళ్లు ఎండిపోయిన 19 మంది ఆడవాళ్ల మీద థీసిస్ రాస్తే దానికి మంచి గ్రేడు ఇవ్వలేదు. వైవా గదిలో కూర్చున్నదాన్ని కాబట్టి ఆ సంగతి రెండుసార్లు చదివాను.

నలభై అయిదేళ్లకే అమ్మ పళ్లన్నీ పుచ్చిపోయాయి. లాలాజలం లేకపోతే పళ్లు నిలవవని నాకిప్పుడు తెలుసు. ఆరోజు పళ్ల డాక్టరు నోరు చూసి, పేరైనా అడక్కుండా "ముందు పొగాకు మానెయ్" అన్నాడు. అమ్మ జన్మలో పొగాకు ముట్టలేదు. కళ్ల మంటని మిరపచేల దుమ్ము మీదికి నెట్టేది. ముద్దముద్దకీ చెంబెత్తేది. ఆమెకూ ఇదే జబ్బో కాదో ఇక తేలదు.

మొన్న పెద్దమ్మకి ఫోన్లో ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "రాత్రిళ్లు నాకూ నోరెండిపోతందే అమ్మాయ్" అంది. షుగరో, ఇదో. సోమవారం తీసుకెళ్తున్నాను.