గచ్చు కింద గుంత

మా ఇంట్లో నేల కదిలింది. మాటవరసకి కాదు, నిజంగానే.

గాజువాకలో అప్పు చేసి కొన్న పాత ఫ్లాట్ మాది. ఉన్న గచ్చు మీదే లామినేట్ ఫ్లోరింగ్ వేయించాం. పేడతో అలికిన నేల మీద బతికిన అమ్మ మొదటిరోజు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. మూడు నెలలు తిరక్కుండానే హాలు మధ్యలో అడుగేస్తే దిగడం, తీస్తే లేవడం, టిక్కుటిక్కుమని చప్పుడు. మోకాళ్ల నొప్పులతో అమ్మ గోడ పట్టుకుంది.

వేసినాయన వచ్చి చూసి, "మీ నడకలోనే ఉంది మేడం. కింద ఇంకో ఫోమ్ పొర వేద్దాం" అన్నాడు.

బాబాయిని పిలిచాను. తాపీ మేస్త్రి. స్టీల్‌ప్లాంట్ క్వార్టర్లు కడుతున్నప్పుడు కుర్రాడిగా పని నేర్చాడు. పనివాళ్లు వెనక మెట్ల మీదుగా రావాలని మా అపార్ట్‌మెంట్‌లో బోర్డుంది. అలాగే వచ్చాడు.

స్కర్టింగ్ తీసి, నంబర్లు వేస్తూ పలకలు విప్పాడు. రెండు మీటర్ల బద్ద గచ్చు మీద పెట్టాడు. కింద సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. మాకు 7 ఉంది.

"సూడమ్మీ, పలకది తప్పు కాదు. కింద గుంతుంది. దాని మీద పరుపేత్తే ఇంకా ఊగుతాది. ఆ ఊపుకి నాలుకలు ఇరిగిపోతాయి."

పక్క పలక గాడిలో దూరే నాలుకే ఈ నేలకు పట్టు. పైగా పలకలు గోడకు ఆనించి ఉన్నాయి. సముద్రపు తేమకు ఉబ్బినప్పుడు చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ లేకపోతే పైకి లేస్తాయి.

ప్లాస్టిక్ షీటు అంచులకు టేపు వేసి ఒకరోజు ఉంచి, గచ్చులో చెమ్మ లేదని తేల్చుకున్నాడు. మిట్టలు గీకాడు. దుమ్ము తుడిచి, ప్రైమర్ కొట్టి, సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్ పోశాడు. పూర్తిగా ఆరాక పల్చటి ఫోమ్ ఒకే పొర పరిచాడు. విరిగిన మూడు పలకలు మార్చి, గోడల దగ్గర ఖాళీ వదిలి బిగించాడు. అమ్మ గోడ వదిలింది.

మిత్రులారా, గత సెమిస్టర్‌లో సెమినార్ ఇస్తూ తడబడిన ఒక అమ్మాయితో "ముందు నీ భాష సరిచేసుకో" అన్నాను. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమె. బాబాయి మాటలాంటి మాటే ఆమెది. తెలుగులో డాక్టరేట్ ఉన్న నేను ఆ ఫ్లోరింగ్ ఆయనలాగే నడకను తప్పుపట్టాను. కింద బద్ద పెట్టి చూడలేదు.

సామాజిక ప్రజాస్వామ్యం పునాదిగా లేకపోతే రాజకీయ ప్రజాస్వామ్యం నిలవదని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించాడు. ఏటా ఏప్రిల్ 14న ఆయనకు దండ వేసి, ఆ గుంత మీద మరో ఫోమ్ పొర పరిచి వచ్చేస్తున్నాం.

సోమవారం ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. బాబాయిని ముందు లిఫ్టులోనే కిందికి తీసుకెళ్లాను. బోర్డు ఇంకా ఉంది. ఆదివారం అసోసియేషన్ మీటింగ్. అక్కడేం జరిగిందో వచ్చే భాగంలో.

జై భీమ్.