సిద్ధాంతం రాళ్ల మీద ఆగిన బండి

మా డెల్టాలో రాయి దొరకదు. పెనుగొండ నుంచి ఎటు నడిచినా నల్లమట్టి, వరిచేలు, కొబ్బరితోటలు, కాలవగట్లు. చిన్నప్పుడు చెట్టు మీది మామిడికాయ కొట్టాలన్నా మట్టిబెడ్డే మాకు గతి. అలాంటి ఊరికి మా మేనల్లుడు హైదరాబాదు నుంచి రాళ్ల మీద పాకడానికే తయారైన బండిని పట్టుకొచ్చాడు. క్రాలర్ అంటారు దాన్ని. అసలు జీపులో పదోవంతు ఉంటుంది. పరుగు తీయదు. మెత్తటి టైర్లతో, బాగా తగ్గించిన గేర్లతో, నాలుగు చక్రాలూ ఒకేసారి లాగుతూ తన ఎత్తున్న బండరాయినైనా నెమ్మదిగా ఎక్కేస్తుంది.

2021 సంక్రాంతి అది. వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. కరోనాకి కాలేజీ మూసేసిన నెలల్లో ఈ బండి మీద మనసు పడింది. పండక్కి వచ్చీ రాగానే చోటు వెతుక్కున్నాడు. సిద్ధాంతం దగ్గర వసిష్ఠ గోదావరి గట్టు కోతపడకుండా పేర్చిన రాళ్లున్నాయి కదా, అక్కడికి తీసుకెళ్లాడు. మెట్టప్రాంతం నుంచి లారీల్లో తెచ్చి పోసిన ఆ రాళ్లే మాకున్న కొండలు.

నేనూ వెళ్లాను. బండి రెండు రాళ్లు చక్కగా ఎక్కింది. మూడో రాయికీ నాలుగో రాయికీ మధ్య సందులో ముందుచక్రం ఇరుక్కుంది. వాడు స్టీరింగు కుడికి తిప్పాడు. బండి చచ్చిపోయింది. చక్రం లేదు, స్టీరింగు లేదు. కాసేపటికి దానంతటదే ప్రాణం వచ్చింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ పోయింది. గట్టు మీద చేరినవాళ్లలో ఒకాయన అవతలి సెల్ టవరు చూపించి, "ఆ టవరు దెబ్బండి బాబూ. పిచ్చికలే పోతన్నాయి, ఈ బొమ్మెంతండీ!" అన్నాడు.

"సిగ్నల్ అందట్లేదు మావయ్యా. ఇప్పటికే ఒక రిసీవరు మార్చాను. కొన్నచోటికి ఫోన్ చేస్తే రిమోట్ సెట్టు మొత్తం కొత్తది కొనుక్కోమంటున్నారు," అన్నాడు మావాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. 2020 బడ్జెట్టులో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి పెంచారు. బయటినుంచి వచ్చే ఈ బళ్ల ధర ఎక్కడికి పోయిందో కొనేవాళ్లకి తెలుసు. చదువుకునే కుర్రాడిని, లోపం ఎక్కడుందో చూడకుండా, సెట్టు మార్చుకో అనడం న్యాయం కాదు.

ఎనభైల్లో నేను పని నేర్చింది రేడియోల మీద. తర్వాత టీవీలు, ఆ తర్వాత ఆంప్లిఫయర్లు, ఇన్వర్టర్లు. క్రాలర్ నాకు కొత్తే. దాని లోపలున్నవి మాత్రం కొత్తవి కావు. చేతిలో ట్రాన్స్‌మిటరు, బండిలో రిసీవరు, చక్రాలు తిప్పే సర్వో, మోటారుకి ఎంత కరెంటు ఇవ్వాలో చూసే స్పీడ్ కంట్రోలరు, వీటన్నిటినీ పోషించే బ్యాటరీ. రిసీవరు నుంచి సర్వోకీ కంట్రోలరుకీ వెళ్లేది చిన్న పల్స్. సెకనుకి 50 సార్లు వెళ్తుంది. పల్స్ వెడల్పు ఒకటిన్నర మిల్లీసెకన్లుంటే నడిమధ్య, ఒకటికి దగ్గరైతే ఒక పక్క, రెండుకి దగ్గరైతే రెండో పక్క. అంతే దాని భాష.

టవరు మాట ముందు తేల్చాలనిపించింది. వెనకటి రిమోట్ కార్లు 27 మెగాహెర్ట్జ్ మీద నడిచేవి. బారెడు యాంటెన్నా ఉండేది. ఒకే క్రిస్టల్ ఉన్న రెండు బళ్లు పక్కపక్కన ఆడితే ఒకడి రిమోట్‌కి ఇంకొకడి బండి తిరిగేది. ఇప్పటివి 2.4 గిగాహెర్ట్జ్ మీద, క్షణానికో ఛానెలు మారుతూ పనిచేస్తాయి. బైండింగ్ చేసిన, అంటే తమతో జత కలిపిన, రిమోట్ మాట తప్ప ఇంకెవరి మాటా వినవు. ఆ బ్యాండులో వైఫై ఉంటుంది కానీ సెల్ టవరు ఉండదు. పైగా మనిషి బండికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. టవరే కారణమైతే స్టీరింగు తిప్పినప్పుడే ఎందుకు పోతుంది? సాఫీగా ఉన్న గట్టు మీద వంద అడుగులు పోనిచ్చినా ఎందుకు పోలేదు?

రోగం ఎప్పుడు వస్తుందో సరిగ్గా చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. తిప్పితే పోతోంది. అదీ చక్రం ఇరుక్కున్నప్పుడు తిప్పితేనే.

మా ఊళ్లో ఎండాకాలం సాయంత్రాలు నాకు గుర్తొచ్చాయి. టీవీ బొమ్మ కుంచించుకుపోయి అడ్డంగా దొర్లుతోందని కబురొచ్చేది. సెట్టు విప్పితే అందులో ఏమీ ఉండేది కాదు. రైసుమిల్లు మోటారు వేసిన క్షణాన 230 ఉండాల్సిన వోల్టేజి 160కి పడిపోయేది. మిల్లు ఆగితే బొమ్మ బాగుండేది. పగలు తీరిగ్గా వెళ్లి ప్లగ్గులో మీటరు పెట్టినవాడికి ఆ లోపం ఎన్నటికీ దొరకదు. మిల్లు తిరుగుతుండగా కొలవాలి. ఈ బండిలో మిల్లు మోటారు ఎక్కడుందా అని చూశాను. సర్వో కనిపించింది.

"ఈ సర్వో బండితో వచ్చిందేనా?"

"కాదు మావయ్యా, 25 కిలోలది వేయించాను. పాతదానికి రాళ్లలో బలం చాలట్లేదు."

ఇంటికొచ్చి బల్ల మీద పెట్టుకున్నాం. రిసీవరులోంచి సర్వో ప్లగ్గు పీకేశాను. రిమోట్ వాడి చేతికిచ్చి, బండిని వీధి చివరదాకా నేరుగా పోనివ్వమన్నాను. సుబ్బరంగా వెళ్లింది, సుబ్బరంగా వెనక్కొచ్చింది. అంటే రేడియో బాగానే ఉంది. సర్వో ప్లగ్గు మళ్లీ పెట్టి, ముందుచక్రాలు రెండూ చేత్తో గట్టిగా పట్టుకుని, ఇప్పుడు తిప్పరా అన్నాను. రిసీవరు దీపం టపటపా కొట్టుకుని బండి ఆరిపోయింది.

ఇక కొలవడమే. వాడి డిజిటల్ మీటరు 5.9 చూపిస్తోంది. చక్రం బిగబట్టినప్పుడు అంకెలు తడబడ్డాయి గానీ ఏమీ తేల్చలేదు. అది సెకనుకి రెండు మూడుసార్లే లెక్క చూస్తుంది, ఆ సందులో జరిగింది దానికి పట్టదు. నా పాత ముల్లు మీటరు తీశాను. రిసీవరు ఖాళీ ఛానెల్లో తీగలు పెట్టి చక్రాలు బిగబట్టాను. ఆరు మీద కదలకుండా ఉన్న ముల్లు ఒక్క ఊపున నాలుగు కిందకి పడింది. మావాడు నోరెత్తకుండా చూశాడు. ఇంకోసారి వాడే చక్రాలు పట్టుకుని, నన్ను రిమోట్ తిప్పమన్నాడు.

జరుగుతున్నది ఇదీ. స్పీడ్ కంట్రోలరులో ఒక చిన్న సర్క్యూటుంటుంది, బీఈసీ అంటారు. పెద్ద బ్యాటరీ వోల్టేజిని ఆరుకి దింపి రిసీవరుకీ సర్వోకీ పంచడం దాని పని. అందులో ఉన్నది రెండు ఆంపియర్ల బలం. ఆ పెద్ద సర్వో ఎదురు తగిలి ఆగిపోయినప్పుడు మూడు, అంతకన్నా ఎక్కువ కూడా లాగుతుంది. అప్పుడు వోల్టేజి కుప్పకూలుతుంది, రిసీవరు ఆరిపోయి మళ్లీ లేస్తుంది, రిమోట్‌ని వెతికి పట్టుకునేదాకా కంట్రోలరు మోటారుని ఆపేస్తుంది. చూసేవాడికి సిగ్నల్ పోయినట్టుంటుంది. రిసీవరు మారిస్తే ఏం లాభం? కొత్తదీ ఆకలికి అలాగే పడిపోతుంది.

విడిగా ఒక బీఈసీ కావాలి. అది పెనుగొండలో గానీ తణుకులో గానీ దొరికే వస్తువు కాదు. హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో వాడి స్నేహితుడొకడిని తెమ్మన్నాం. ఈలోగా పాత ఆంప్లిఫయరులోంచి తీసిన 4700 మైక్రోఫారడ్ కెపాసిటరుకి సర్వో ప్లగ్గు సాల్డరు చేసి, ప్లస్సూ మైనస్సూ చూసి, రిసీవరు ఖాళీ ఛానెల్లో పెట్టాను. చిన్న చిన్న కుదుపులు తగ్గాయి. చక్రం బిగబడితే మాత్రం అదీ నిలబెట్టలేకపోయింది. కెపాసిటరు ఒక్క క్షణానికి అప్పిస్తుంది, అంతకుమించి దాని దగ్గర లేదు. చాలామంది దీన్నే మందనుకుని ఊరుకుంటారు. అది సరికాదు.

బీఈసీ కోసం చూసే రోజుల్లో బండిని మొత్తం విప్పాం. నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఆ పనే. ప్లగ్గుల్లో గోదావరి ఒండ్రు ఎండి పొడిలా ఉంది. కంట్రోలరు మీద వాటర్‌ప్రూఫ్ అని రాసుంటుంది, ఆ మాట దాని పెట్టె వరకే. పిన్నులకి చిలుము పట్టింది. ఉప్పుగాలీ చెమ్మా కలిసిన మా ప్రాంతంలో ఇది ఎవరికీ తప్పదు. రొయ్యల చెరువుల మీద ఏరేటర్ల స్టార్టరు బాక్సులు విప్పేవాళ్లందరికీ తెలుసు. ఐపీఏ ద్రావకంతో, పాత టూత్‌బ్రష్షుతో పిన్నులన్నీ కడిగాం. బ్యాటరీ కనెక్టరు దగ్గర ఒక కాలు డ్రై సాల్డరు. పైకి మెరుస్తోంది, తీగ లాగితే కదులుతోంది. దాన్ని కరిగించి, ఫ్లక్సు వేసి, మళ్లీ అతికించాను.

తర్వాత మోటారు. బ్రష్షుల మోటారు తిరిగేటప్పుడు లోపల నిప్పురవ్వలు లేస్తాయి. వాటి రొద తీగల్లోకి పాకకుండా టెర్మినళ్ల దగ్గర 104 నంబరు సిరామిక్ కెపాసిటర్లు మూడు పెడతారు. ఆ రొద 2.4 గిగాహెర్ట్జ్‌ని పెద్దగా తాకదు. సర్వోకి వెళ్లే పల్స్‌లో కలిసి చక్రాలు వణికించగలదు. కొలవడానికి నా దగ్గర స్కోపు లేదు. నా రిపేరు షాపులో ట్రాన్సిస్టరు రేడియో ఉంది. ఆకాశవాణి విజయవాడ 837 కిలోహెర్ట్జ్ పెట్టి బండి పక్కన ఆనించాను. చక్రాలు గాల్లో ఉంచి మోటారు తిప్పితే వార్తలు వినపడనంత బరబర. చూస్తే ఒక కెపాసిటరు కాలు కుదుపులకి తెగి వేలాడుతోంది. కొత్తవి మూడు అతికించాక వార్తలు చదివే ఆయన గొంతు తెలిసింది. రేడియో విని రిమోట్ బండి బాగుచేయొచ్చని మావాడు అనుకోలేదు.

బ్యాటరీ దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. మూడు సెల్సుల లైపో అది. సెల్లు నిండితే 4.2 వోల్టులు, మామూలుగా 3.7. మూడు కిందకి పోనివ్వకూడదు. కంట్రోలరు పక్కన రెండు బుల్లి జంపర్లున్నాయి. ఒకటి బ్యాటరీ రకానికి, రెండోది నడకకి. బండి అమ్మినవాళ్లు బిగించి ఇచ్చినట్టే ఉన్నాయవి, మావాడు ముట్టుకోలేదు. బ్యాటరీ జంపరు నికెల్ బ్యాటరీ స్థానంలో ఉంది. అక్కడుంటే లైపో ప్రమాదం హద్దు దాటినా కంట్రోలరు ఆపదు, పిండుతూనే ఉంటుంది. రెండు సెల్సు 3.8 చూపించాయి, మూడోది 3.3. ప్యాకు ఒక పక్క ఉబ్బింది. ఉబ్బిన లైపోని చార్జింగుకి పెట్టడమంటే ఇంట్లో నిప్పు పెట్టుకోవడమే. ఇసక బొచ్చెలో పెట్టి పెరటి చివర ఉంచాం, ఇక వాడలేదు. తెలియని పిల్లలు దాన్నే రాత్రంతా చార్జింగులో పెట్టి నిద్రపోతే ఎవరు జవాబుదారీ? వస్తువు అమ్మేవాడు ఒక్క నిమిషం ఆ జంపరు చూసి ఇవ్వాలి.

బీఈసీ వచ్చింది. దాన్ని సరాసరి బ్యాటరీ తీగలకి కలిపాం. దాని ఆరు వోల్టులు రిసీవరుకి వెళ్తాయి, అక్కణ్ణించి సర్వోకి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కంట్రోలరు నుంచి రిసీవరుకి వచ్చే మూడు తీగల్లో ఎర్రదాన్ని ప్లగ్గులోంచి తీసి టేపు చుట్టాలి. రెండు సప్లైలు ఒకేచోట కలబడకూడదు. నల్లది మాత్రం ఉండాలి, అది లేకపోతే పల్స్‌కి ఆధారం ఉండదు. కొత్త ప్యాకు పెట్టి, జంపరు లైపో వైపు, రెండోది క్రాలర్ నడక వైపు మార్చాం.

వదిలేసినా బండి మెల్లగా ముందుకి జరిగే జబ్బు ఒకటి మిగిలింది. అది చిన్నదే. రిమోట్‌లో థ్రాటిల్ ట్రిమ్ పక్కకి జరిగి ఉంది. సున్నాకి తెచ్చి, రిమోట్ ముందు, బండి తర్వాత వేసి, ట్రిగ్గరు ముట్టకుండా కొన్ని క్షణాలు ఆగితే కంట్రోలరు తన నడిమధ్యని తనే గుర్తుపెట్టుకుంది. ఆపేటప్పుడు వరస తిరగెయ్యాలి. బండి ముందు, రిమోట్ తర్వాత.

చివరగా ఫెయిల్‌సేఫ్ చూశాం. బండిని ఇటుక మీద నిలబెట్టి, చక్రాలు నెమ్మదిగా తిరుగుతుండగా రిమోట్ ఆపేయాలి. చక్రాలు వెంటనే ఆగితే సరే. ఆగకపోతే ఆ బండిని ఏటి ఒడ్డుకి తీసుకెళ్లకూడదు.

పక్కింట్లో శ్లాబు పగలగొట్టిన ముక్కలు గుట్టగా పోసి ఉంటే దాని మీదకి ఎక్కించాడు. చక్రం ఇరికించి, కావాలని అటూ ఇటూ తిప్పాడు. ముల్లు మీటరు ఇంకా తగిలించే ఉంది. 5.7 దిగలేదు.

ఆ తర్వాత ఆచంట, ఇరగవరం వైపు నుంచి కూడా కుర్రాళ్లు ఇలాంటి బళ్లు తెచ్చారు. చేలల్లో మందు కొట్టే డ్రోనులు నడిపే పిల్లలూ వస్తున్నారు. ప్రతి ఒక్కరి నోటా మొదటి మాట సిగ్నలే. ఇది చదివేవాళ్లలో ఎవరి బండైనా అలా ఆగిపోతుంటే, కొత్త రిసీవరుకి డబ్బు కట్టేముందు సర్వో ప్లగ్గు పీకి ఒకసారి నడిపి చూడండి. తర్వాత ప్లగ్గు పెట్టి, చక్రాలు బిగబట్టి, ఆ బరువు మీదే వోల్టేజి కొలవండి. ముల్లు మీటరు ఇంట్లో ఎక్కడైనా పడుంటే పారేయకండి.