ఏడాదికి పదో వంతు

చదువుకి సర్కారు ఇచ్చే డబ్బు ఊరికే ఇవ్వాలా, అప్పుగా ఇచ్చి తర్వాత మాఫీ చెయ్యాలా అన్న చర్చ మా ఇంట్లో కొత్తది కాదు. మా నాన్న ఏలూరు సీఆర్ రెడ్డి కాలేజీలో డిగ్రీ చదివింది లోన్ స్కాలర్‌షిప్ మీదే. 1963లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన పథకం అది. మార్కులుండి ఇంట్లో డబ్బు లేని పిల్లలకి వడ్డీ లేకుండా ఇచ్చేవారు. ఉద్యోగం వచ్చాక వాయిదాల్లో తీర్చాలి. అయితే అందులో ఒక మంచి షరతు ఉంది: చదివినవాళ్లు పంతులు పనిలో చేరితే, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదో వంతు బాకీ కొట్టేస్తారు. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు మేష్టారయ్యారు. పదేళ్లు పాఠం చెప్పారు, బాకీ తీరిపోయింది.

న్యూయార్క్ రాష్ట్రం 2017లో ఎక్సెల్సియర్ స్కాలర్‌షిప్ తెచ్చినప్పుడు నాకు నాన్న సంగతే గుర్తొచ్చింది. అక్కడ ప్రభుత్వ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు సర్కారే భరిస్తుంది. ఎన్నేళ్లు ఆ సాయం తీసుకున్నారో, చదువయ్యాక అన్నేళ్లు ఆ రాష్ట్రంలోనే ఉండాలి. ముందే వెళ్లిపోతే స్కాలర్‌షిప్ కాస్తా అప్పుగా మారుతుంది. ఇలాంటిది మన దగ్గరా పెట్టాలని అనేవాళ్లున్నారు. మన డబ్బుతో చదివి హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా వెళ్లిపోతున్నారన్నది వాళ్ల బాధ. ఆ బాధని నేను కొట్టిపారెయ్యను. కానీ అప్పు అన్న మాట మా మండవల్లి లాంటి చోట ఎలా పనిచేస్తుందో తెలిసి మాట్లాడాలి.

నాది చేపల మేత కొట్టు. ఇక్కడ డబ్బు నెలనెలా రాదు, చెరువు పట్టుబడికి వస్తుంది. అప్పటిదాకా రైతు నా దగ్గర అరువు పెడతాడు, నేను డీలరు దగ్గర పెడతాను. మా అమ్మాయికి తాడేపల్లిగూడెం నిట్‌లో సీటొచ్చినప్పుడు ఫీజు కట్టడానికి నా దగ్గర డబ్బు లేక కాదు, ఆ డబ్బు కొట్లో తిరుగుతోంది. అది బయటికి తీస్తే పట్టుబడి లోపు మేత కొనడానికి రెండు రూపాయల వడ్డీకి తేవాలి, అంటే ఏడాదికి 24 శాతం. చదువు అప్పు అందులో సగం వడ్డీకి కూడా దొరుకుతుంది.

నిట్‌లో ట్యూషన్ ఏడాదికి లక్షా పాతిక వేలు. కుటుంబ ఆదాయం లక్ష దాటి ఐదు లక్షల లోపుంటే అందులో మూడింట రెండు వంతులు తగ్గిస్తారు. మాకు మిగిలింది 42 వేల లోపు, ఆపైన హాస్టలు, మెస్సు. నాలుగు లక్షల లోపు చదువు అప్పుకి తనఖా అడగరు. ఆదాయం నాలుగున్నర లక్షలు దాటకపోతే కోర్సు నడిచినన్నాళ్లూ, ఆపైన ఇంకో ఏడాదీ వడ్డీ కేంద్రమే భరిస్తుంది. తహసీల్దారు ఆఫీసులో ఆదాయ ధ్రువపత్రం తీసుకుని బ్యాంకుకి వెళ్లాను. ఆ వడ్డీ రాయితీ లేకపోతే ఈ అప్పు జోలికి పోకుండా అర ఎకరం అమ్మేవాణ్ణి.

మా వీధిలో ఇంకో ఇంటి సంగతి వేరు. వాళ్ల అబ్బాయి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివాడు. 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం విస్తరించిన ఈ పథకం వల్ల కూలీల ఇళ్లలో ఇంజినీర్లు పుట్టుకొచ్చారు. దాని విలువని నేను ఏ లెక్కతోనూ తగ్గించను. 2021 నుంచి కొన్నేళ్లు మూడు నెలలకోసారి తల్లుల ఖాతాల్లో వేశారు, తర్వాత మళ్లీ కాలేజీలకే వేస్తున్నారు. ఎవరి ఖాతాలో వేసినా, విడుదల ఆలస్యమైతే కాలేజీ తల్లిదండ్రుల్నే అడుగుతుంది. పరీక్షల ముందు ఆ తల్లి మెడలో గొలుసు తాకట్టుకి వెళ్లింది. ఆమె పేరు మీద అప్పు పత్రం లేదు, మాఫీ షరతూ లేదు, వడ్డీ మాత్రం ఉంది. ఆలస్యంగా వచ్చే స్కాలర్‌షిప్ అప్పటికే ఒక అప్పు. దాన్ని అధికారికంగా అప్పుగా మారుస్తామంటే ముందు ఈ గొలుసు సంగతి తేల్చాలి.

అందుకే నా అభిప్రాయం ఇది. రెండున్నర లక్షల ఆదాయం లోపు ఇళ్లకి ఇచ్చేది ఊరికే ఇవ్వాలి, సమయానికి ఇవ్వాలి. ఆ ఇళ్లలో అప్పు పేరు వినగానే ముందు ఆగిపోయేది ఆడపిల్ల చదువే. ఆ గీత దాటి, రీయింబర్స్‌మెంటుకి నోచుకోని మాలాంటి వాళ్లకి మాఫీ అయ్యే అప్పు పెట్టమనండి, సంతోషంగా తీసుకుంటాం. అయితే షరతు ఊళ్లో ఉండమని కాక, పని చెయ్యమని ఉండాలి: బళ్లో పంతులుగా, పీహెచ్‌సీలో నర్సుగా, కొల్లేరు చుట్టూ చేపల జబ్బులు చూసే నిపుణులుగా. నాన్న కాలంలో లాగ ఏడాదికి పదో వంతు తగ్గాలి. నోటిఫికేషనే రాని ఏళ్లకి పిల్లల్ని బాధ్యుల్ని చెయ్యకూడదు. ఉద్యోగం చూపించలేని సర్కారుకి ఊరు వదిలినందుకు బాకీ అడిగే హక్కు లేదు.

తల్లిదండ్రులకి ఒక మాట. పిల్లల చేత ఏ చదువు అప్పు మీదైనా సంతకం పెట్టించే ముందు మూడు విషయాలు రాతలో చూపించమనండి: వడ్డీ ఏ రోజు నుంచి లెక్క, వాయిదా ఎప్పుడు మొదలు, మాఫీ ఎవరు, దేన్ని చూసి చేస్తారు. మూడోదానికి నోటిమాటే జవాబైతే, మాఫీ లేదనుకునే లెక్క వేసుకోండి.