నీలం పొగ మంచిదే!

అరిజోనాలో కొడుకింటికి వెళ్లిన ఆయన కళ్లు గ్యారేజీలోని నాలుగు చక్రాల బండి మీద పడ్డాయి. యమహా బాన్షీ... ఇసుకదిబ్బల మీద దూసుకెళ్లే టూస్ట్రోక్ బండి. అమెరికాలో 1987 నుంచి 2006 మోడల్ దాకా అమ్మారు. దాని 347 సీసీ ఇంజిన్ మూలాలు ఆర్‌డీ 350 కుటుంబంలోనివే. అంటే, కుర్రతనంలో ఆయన నడిపిన రాజ్‌దూత్ 350కి చుట్టమన్నమాట!

'ఇదివరకు తెగ పొగ వచ్చేది నాన్నా. ఆయిల్ సగానికి తగ్గించా. ఇప్పుడు చూడు, పొగే లేదు' అన్నాడు కొడుకు గర్వంగా.

ఆయన గుండె గుభేలుమంది.

'ముందు ఇంజిన్ ఆపరా!'

వేడి చల్లారాక సైలెన్సర్ విప్పి, లైటు వేసి చూపించారు. పిస్టన్ మీద నిలువునా గీతలు! కారు ఇంజిన్‌కి అడుగున ఆయిల్ ఉంటుంది. దీనికి పెట్రోల్లో కలిపే ఆయిలే పిస్టన్లకూ బేరింగులకూ దిక్కు. అది చాలకపోతే పిస్టన్ వేడెక్కి, ఉబ్బి, సిలిండర్‌ని పట్టేస్తుంది. మంచి వేగంలో ఉండగా పట్టేస్తే వెనక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుపోతాయి. బండి పోతే పోయింది, మరి మనిషో?

కొడుకు మారుమాట్లాడలేదు. సిలిండర్లు బోరు చేయించి, కొత్త పిస్టన్లూ రింగులూ వేయించాడు. ఆయిల్ కూడా పాత కొలతకే వచ్చింది. 32 పాళ్ల పెట్రోలుకి ఒక పాలు, అంటే లీటరుకు సుమారు 31 మిల్లీలీటర్లు.

బండి మళ్లీ స్టార్టయిన రోజు గ్యారేజీ నిండా నీలం పొగ. కోడలు ముక్కు మూసుకుంది. మామగారు మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.