పాతనగరంలో నడక: వినవలసినది, అడగవలసినది

హైదరాబాదు పాతనగరాన్ని కాలినడకన చూపించే యాత్రలకు ఇటీవలి కాలంలో మంచి ఆదరణ లభిస్తోంది. ఎండ ముదరకముందే పదిహేను ఇరవై మంది చార్మినార్ నీడలో చేరుతారు. మార్గదర్శి ముందు నడుస్తూ కట్టడాల చరిత్ర చెబుతాడు. దుకాణాల తలుపులు తెరుచుకునే వేళకు నడక ముగుస్తుంది. వచ్చేవారిలో దూరప్రాంతాల వారు, విదేశీయులు ఎక్కువగా కనిపిస్తారు. మన కుటుంబాలు మాత్రం పండుగ ముందు లాడ్‌బజారుకు వచ్చి, గాజులు కొనుక్కొని, రద్దీలోనే తిరిగి వెళ్ళిపోతాయి. మన పూర్వీకుల నగరాన్ని మన పిల్లలు ఎవరి నోట, ఏ రూపంలో వింటున్నారన్నది తల్లిదండ్రులు ఆలోచించవలసిన విషయం.

నడకలో తెలిసే సంగతులు వాహనంలో తెలియవు. చార్మినార్ కింద నిలబడి చూస్తే నాలుగు దిక్కులకూ నాలుగు దారులు సాగిపోతూ కనిపిస్తాయి. 1591లో, అంటే హిజ్రీ వెయ్యవ సంవత్సరంలో, ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త నగరానికి దీనిని నడిబొడ్డుగా నిలిపాడు. ఇరాన్‌లోని అస్త్రాబాద్ నుండి వచ్చి పీష్వా పదవిని అలంకరించిన మీర్ మోమిన్‌కు ఆ నగర రూపకల్పనలో ప్రధాన పాత్ర ఉందని చరిత్రకారులు చెబుతారు. చార్మినార్ పై అంతస్తులో మసీదు ఉంది. ఉత్తరంగా కొంత దూరం నడిస్తే నాలుగు కమానులు, వాటి నడుమ గుల్జార్ హౌజ్ వస్తాయి. ఈశాన్యంలో దుకాణాల వెనుక 1597 నాటి జామె మసీదు ఉంది. ఆ దారిన రోజూ వేలమంది నడుస్తున్నా దానిని గమనించేవారు కొద్దిమందే.

ఇన్ని నిజాలు కళ్ళెదుట ఉండగా, మార్గదర్శులు ఎక్కువసేపు చెప్పేది మాత్రం కథలే. మా మదర్సా విద్యార్థులను ఒకసారి ఇటువంటి నడకకు తీసుకువెళ్ళాను. చార్మినార్ నుండి గోల్కొండ కోటకు రహస్య సొరంగం ఉందని మార్గదర్శి ఉత్సాహంగా వివరించాడు. గుంటూరు జిల్లా నుండి వచ్చిన ఒక విద్యార్థి వినయంగా అడిగాడు:

“భాయ్‌సాబ్, ఈ మాట ఎవరు రాశారండీ?”

ఆయన చిరునవ్వు నవ్వాడు. “పెద్దలు చెప్పుకుంటారు బేటా, నేనూ అలాగే విన్నాను” అన్నాడు.

ఆ జవాబులో నిజాయితీ ఉంది. అయితే ఆ ప్రశ్న అడిగేదాకా సొరంగం కథ, కట్టడం తేదీ రెండూ ఒకే స్వరంలో వినిపించాయి. వినేవాడికి ఏది చరిత్ర, ఏది జనశ్రుతి అన్నది తెలియలేదు. హదీసు విద్యలో మేము మొదట నేర్పేది ఈ తేడానే. మాట ఎంత ఇంపుగా ఉన్నా సరే, ఎవరి నుండి వచ్చింది, చెప్పినవాడు నమ్మదగినవాడా అని విచారించాలి. వార్త వచ్చినప్పుడు నిర్ధారించుకోమని దివ్యఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా మనకు బోధిస్తోంది. ఆ శిక్షణ వీధి చరిత్రకు కూడా వర్తిస్తుంది.

భాగమతి కథనే తీసుకోండి. నగరానికి మొదట ఆమె పేరు పెట్టారని దాదాపు ప్రతి మార్గదర్శీ చెబుతాడు. ఆనాటి చరిత్రకారుడు ఫెరిష్తా ఆ సంగతి రాశాడు. ఆధునిక కాలంలో హారూన్ ఖాన్ షేర్వానీ ఆధారాలను పరిశీలించి దానిని తోసిపుచ్చారు. కొందరు పండితులు ఇప్పటికీ ఆ కథను సమర్థిస్తారు. ఈ మూడు మాటలూ చెప్పడం న్యాయం. ఒక్కటే చెప్పి మిగిలినవి దాచడం న్యాయం కాదు. చార్మినార్‌ను మహమ్మారి తొలగినందుకు కట్టారన్న మాటను కూడా ఇలాగే తూచి చూడాలి.

మక్కా మసీదు వద్ద ఈ తూకం మరింత అవసరం. మక్కా మట్టితో చేసిన ఇటుకలు అందులో ఉన్నాయని తరతరాల నుండి చెప్పుకుంటారు. దానితోపాటు ఒక ప్రత్యక్షసాక్షి రాత కూడా మనకు ఉంది. పదిహేడవ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి రత్నవ్యాపారి టావెర్నియర్ ఆ మసీదు ఇంకా కడుతూ ఉండగా చూశాడు. దానిలోని ఒక పెద్ద రాతిని గనిలో నుండి తీయడానికి అయిదారు వందల మంది అయిదేళ్ళు శ్రమించారని రాశాడు. సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్‌షా 1617లో పునాది వేసిన ఆ నిర్మాణం గోల్కొండ పతనం తరువాత ఔరంగజేబు కాలంలో, 1694లో పూర్తయింది. పేరు కూడా మిగలని ఆ రాతిపనివారి శ్రమను మన పిల్లలకు చెప్పడానికి కట్టుకథలు అక్కరలేదు.

ఇక, చాలా నడకలలో ప్రస్తావనకే రాని విషయాలు కొన్ని ఉన్నాయి. చార్మినార్ కట్టిన నాలుగేళ్ళకే, 1595లో, మూసీకి చేరువలో దారుష్షిఫా వెలసింది. అందులో రోగులకు చికిత్స, విద్యార్థులకు వైద్యబోధన రెండూ జరిగేవి. నగరం కట్టిన తొలినాళ్ళలోనే ఆసుపత్రి గురించి ఆలోచించిన పాలకుని కథ ప్రేమకథకంటే విలువైనది కాదా? అలాగే ఆ సుల్తాను తండ్రి ఇబ్రాహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించాడు. వారు ఆయనను మల్కిభరాముడని ప్రేమగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే ముస్లిం బిడ్డ ఈ సంగతి తెలుసుకుంటే, తన భాషకూ ఆ కోటగోడలకూ మధ్య పరాయితనం లేదని గ్రహిస్తాడు.

నడకకు వెళ్ళేవారు కొన్ని మర్యాదలు పాటించాలి. మసీదు ఆరాధనా స్థలం. నమాజు వేళ అక్కడ గట్టిగా మాట్లాడడం, సజ్దాలో ఉన్నవారిని ఫోటో తీయడం తగదు. సందుల్లోని ఇళ్ళు కాపురాలుండే ఇళ్ళు. తెరిచిన తలుపుల్లోకి తొంగి చూడకూడదు. ఇతర మతాల అతిథులు వచ్చినప్పుడు విసుక్కోకుండా దారి చూపడం, అడిగినదానికి తెలిసినంత చెప్పడం అక్కడి మన సోదరుల బాధ్యత. తెలియనిదానికి ‘అల్లాహు ఆలమ్’ అనడానికి మన ఉలమాలు ఏనాడూ సిగ్గుపడలేదు.

తల్లిదండ్రులారా, ఈ సెలవుల్లో ఒక ఉదయం ఫజ్ర్ తరువాత పిల్లలను తీసుకొని చార్మినార్‌కు బయలుదేరండి. మార్గదర్శి ఉంటే శ్రద్ధగా వినండి, ఆయన శ్రమకు తగిన ప్రతిఫలం ఇవ్వండి. పిల్లల చేతికి ఒక చిన్న పుస్తకం ఇచ్చి, ఒక పుటలో ఆధారమున్నవి, మరో పుటలో విన్నవి రాయమనండి. ఇంటికి వచ్చాక రెండో పుటను కలిసి చదివి, ఏ మాట ఎక్కడి నుండి వచ్చిందో కలిసి వెదకండి. సత్యాన్ని వెదికే ఆ అలవాటు వారికి ఏ ఊరు వెళ్ళినా తోడుంటుంది.